వేడెక్కి ఆగిపోయిన పాత బోటు మోటారు: బాగు చేయించాలా, వదిలేయాలా?

మీరు చెప్పింది ఇదీ: కాకినాడ నుంచి పాత 25 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు 60 వేలకు కొని హైదరాబాద్ తెచ్చుకున్నారు. నాగార్జున సాగర్ వెనుక నీళ్ళలో రెండోసారి దింపినప్పుడు పక్క నుంచి వచ్చే నీటి ధార ఆగింది, కాసేపటికి మోటారూ ఆగింది. చల్లారాక స్టార్ట్ అయింది కానీ మునుపటి బలం లేదు. మెకానిక్ మొత్తం విప్పాలి, 45 వేలు అవుతుందన్నారు. బాగు చేయించాలా, పాత ఇనుముకు వేసేయాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే ఏదీ ఒప్పుకోకండి. ఆ 45 వేలు మోటారు లోపల చూసి చెప్పిన లెక్క కాదు. ముందు రెండు అంకెలు కావాలి: రెండు సిలిండర్ల కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందన్నది. అవి తెలియకుండా బాగు చేయించడమూ తప్పే, పారేయడమూ తప్పే. నేను ఆ అంకెలు చూడకుండానే ముందుకెళ్ళి మా బావ మోటారు పాడుచేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా బావకు దేవరకొండ దాటాక వైజాగ్ కాలనీ వైపు చేపల బోటు ఉంది. దానికి 15 హార్స్‌పవర్ రెండు సిలిండర్ల మోటారు, అదీ పాతదే. ఒక సాయంత్రం ఇలాగే ధార ఆగి వేడెక్కింది. సికింద్రాబాద్‌లో ఉండేది నేనే కాబట్టి మోటారు నా దగ్గరికి వచ్చింది. తెలిసిన మెకానిక్ కింది కాలు (మోటారులో నీళ్ళలో మునిగే భాగం) విప్పి చూపించాడు. మోటారును చల్లబరిచే నీళ్ళను పైకి తోసే పంపు చక్రానికి (ఇంపెల్లర్‌కు) ఉన్న ఆరు రబ్బరు రెక్కల్లో మూడు విరిగిపోయాయి. "అన్నా, ఇదే రోగం. మార్చేస్తే అయిపోతది" అన్నాడు. మార్చాం. డ్రమ్ములో నడిపితే ధార బలంగా వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టైంది. టెన్షన్ తీరిందని అదే వారం సాగర్‌కు తీసుకెళ్ళాం.

ఫుల్ స్పీడులో పది నిమిషాలు కూడా కాలేదు. ధార వస్తూనే ఉంది, మోటారు మాత్రం బరువెక్కినట్టు నెమ్మదించి పట్టేసింది. ఒడ్డుకు తెడ్లతో వచ్చాం, రెండు గంటలు పట్టింది.

తర్వాత హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల వెంట తిరిగే రెస్క్యూ బోట్ల మోటార్లు చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అడిగిన మొదటి మాట: "విరిగిన ముక్కలు మూడూ దొరికాయా బాబూ?" నా దగ్గర జవాబు లేదు. సిలిండర్ల మీది మూత (హెడ్డు) విప్పితే రెండు ముక్కలు థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళు వదిలే కవాటం) కింద, నీళ్ళు పోయే దారిలో అడ్డంగా ఇరుక్కుని ఉన్నాయి. పంపు తోసే నీళ్ళే విరిగిన రబ్బరును పైకి తీసుకుపోతాయి. మరి ధార ఎందుకు వచ్చిందంటే, ఆ మోటారులో ధారకు వెళ్ళే గొట్టం నీళ్ళు హెడ్డు చేరకముందే చీలిపోతుంది. పంపు తిరుగుతోందని మాత్రమే ధార చెబుతుంది, హెడ్డు చల్లగా ఉందని చెప్పదు. మా పై సిలిండర్‌లో పిస్టన్‌లోని అల్యూమినియం సిలిండర్ గోడకు రాసుకుపోయింది. ఆవిరి పైకే చేరుతుంది కాబట్టి ముందు దెబ్బతినేది చాలాసార్లు పై సిలిండరే.

కాబట్టి ఏం పాడైందన్నదానికన్నా ఎందుకు వేడెక్కిందన్నది ముందు తేల్చండి. కింది కాలు విప్పించి ఇంపెల్లర్ మీ చేతిలోకి తీసుకోండి. రెక్కలు లెక్కపెట్టండి. విరిగిన ప్రతి ముక్కా దొరికేదాకా వదలకండి. రెక్కలన్నీ బాగుంటే నీళ్ళు పీల్చే జల్లెడకు ప్లాస్టిక్ కవరో గుర్రపు డెక్క వేళ్ళో అడ్డుపడి ఉండవచ్చు. మీది సముద్రం చూసిన మోటారు కాబట్టి లోపలి దారుల్లో ఉప్పు గట్టిపడి ఉండే అవకాశం ఇంకా ఎక్కువ.

ఇక కంప్రెషన్. దీనికి బోటు మెకానిక్కే అక్కర్లేదు. మంచి బైక్ గ్యారేజీలో గేజ్ ఉంటుంది. చాలా మోటార్ల ప్లగ్గు మర 14 మిల్లీమీటర్లదే, బైక్ గేజ్ సరిపోతుంది. రెండు ప్లగ్గులూ తీసేయండి, వాటి వైర్లను ఇంజిన్ బాడీకి తగిలించి పెట్టండి, థ్రాటిల్ పూర్తిగా తెరవండి. ముల్లు ఇక పెరగదనే దాకా తాడు గట్టిగా లాగండి, ఐదారు సార్లు చాలు. రెండో సిలిండర్‌కూ అంతే. అసలు అంకె మోటారును బట్టి మారుతుంది, మీరు చూడాల్సింది తేడా. రెండింటి మధ్య పది శాతం లోపు ఉంటే ధైర్యంగా ఉండండి. మాది మొదటిసారి వేడెక్కాక కొలిచి ఉంటే ఎంత వచ్చేదో నాకు ఇప్పటికీ తెలియదు. రెండోసారి తర్వాత కిందిది 110, పైది 60.

ఒకటి తక్కువ వస్తే కంగారుపడకండి. అదే సిలిండర్‌లో ప్లగ్గు రంధ్రం నుంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులో, బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) గోడో అరిగినట్టు. పెరగకపోతే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద ఉండే పలుచని సీలు) మీద అనుమానం పెట్టుకోవచ్చు, అది చిన్న ఖర్చు. ఫోన్‌కు తగిలించే సన్నని కెమెరా దొరికితే బోరు లోపల చూడండి. నిలువు గీతలు, తెల్లటి అల్యూమినియం మరకలు కనిపిస్తే పిస్టన్ రాసుకుపోయినట్టే. హెడ్డు మీద పెయింటు మాడి బొబ్బలెక్కి ఉందేమో కూడా చూడండి. ఉంటే ఈ మోటారు మీ చేతికి రాకముందే వేడెక్కి ఉండవచ్చు, అమ్మినవారితో మాట్లాడటానికి అదొక ఆధారం.

రెండు అంకెలూ దగ్గరగా ఉంటే నా సలహా: బాగు చేయించండి. ఇంపెల్లర్ కిట్టు, థర్మోస్టాట్, హెడ్ గ్యాస్కెట్ మార్చి, నీటి దారులు శుభ్రం చేయిస్తే చాలు, 45 వేల దగ్గరికి పోయే పనే కాదు. హెడ్డు కొంచెం వంగినా లేత్ పనివాళ్ళు సమం చేసిస్తారు. బోరు కోసి పెద్దది చేయాల్సి (బోరింగ్) వస్తే మాత్రం దానికి సరిపడే ఓవర్‌సైజ్ పిస్టన్ మీ చేతికి వచ్చాకే బోరు ముట్టుకోనివ్వండి. రాణిగంజ్‌లో బైకులకూ పంపులకూ దొరికినంత సులువుగా బోటు మోటారు పిస్టన్లు దొరకవు, తీరం నుంచి తెప్పించుకోవాలి. బోరు పెద్దది చేశాక ఆ సైజు పిస్టన్ దొరకకపోతే బ్లాకు చేతిలో మిగులుతుంది. మా బావ మోటారు ఆ దశలోనే మూడు నెలలు నా బాల్కనీలో ఉంది.

వదిలేయమని నేను చెప్పేది ఎప్పుడంటే, బోరులో గోరుకు తగిలేంత లోతు గాడి ఉండి, హెడ్డు బోల్టులు ఉప్పుకు పట్టేసి విప్పబోతే తెగుతూ, ఆ మోడల్‌కు స్పేర్లు కూడా దొరకనప్పుడు. ఈ మూడింటిలో రెండు ఉన్నా డబ్బు పోయకండి. అంచనా ఖర్చు అలాంటి మంచి పాత మోటారు ధరలో సగం దాటినా నేనైతే ఆగుతాను. అప్పుడు కూడా గేర్ కేసు, కార్బ్యురేటర్, ప్రొపెల్లర్ విడిగా అమ్ముడుపోతాయి, తూకానికి వేయకండి.

బాగైన తర్వాత డ్రమ్ములో బాగా నడిచిందని నమ్మవద్దు. డ్రమ్ములో మోటారుకు బోటును తోసే బరువు ఉండదు. మొదటిరోజు ఒడ్డు పక్కనే తిప్పండి, తెడ్లు, లైఫ్ జాకెట్లు పెట్టుకోండి. ప్రతి పది నిమిషాలకు ఆపి హెడ్డు వేడి చూడండి, వేడి కొలిచే గన్ ఉంటే ఇంకా మంచిది. సాధారణ కలయిక 50కి 1, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్. కొత్త పిస్టన్, రింగులు వేస్తే చాలా టూ స్ట్రోక్‌లకు మొదట్లో లీటరుకు 40 మిల్లీలీటర్లు పోస్తారు, మీ మోడల్‌కు ఎంతో మాన్యువల్‌లో చూడండి. ఎప్పుడైనా సరే నీళ్ళు లేకుండా ఐదు సెకన్లు కూడా స్టార్ట్ చేయకండి, పొడిగా తిరిగితే కొత్త ఇంపెల్లర్ కూడా కాలిపోతుంది.

ఈ ఆదివారమే గేజ్ సంపాదించి కొలవండి. రెండు అంకెలు, ఆయిల్ పోశాక వచ్చిన అంకె, తక్కువ వచ్చింది పై సిలిండరో కిందిదో చెబితే మీ మెకానిక్‌ను ఏం అడగాలో నేను చెప్పగలను.