అత్తామామలతో అడవి ట్రిప్: 4,200 డాలర్లు కార్డు మీద పెట్టొచ్చా?

ప్రశ్న: మేము వాషింగ్టన్ రాష్ట్రంలో రెడ్‌మండ్‌లో ఉంటాం. మా వారిది హెచ్1బి వర్క్ వీసా, నాది హెచ్4 డిపెండెంట్ వీసా, నాకు ఉద్యోగం లేదు. నెల ఖర్చు 6,500 డాలర్లు, అన్నీ పోను 900 దాకా మిగులుతుంది. సేవింగ్స్‌లో 15,000 ఉంది, క్రెడిట్ కార్డు మీద 1,900 బాకీ ఉంది, వడ్డీ 24 శాతం. జూలై మొదటి వారంలో మా అత్తయ్యగారు, మామయ్యగారు కాకినాడ నుంచి రెండు నెలలకి వస్తున్నారు. వాళ్ళనీ మా ఇద్దరు పిల్లల్నీ తీసుకుని మౌంట్ బేకర్-స్నోక్వాల్మీ నేషనల్ ఫారెస్ట్‌కి మూడు రాత్రుల ట్రిప్ అనుకున్నాం. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, బూట్లకి 1,450, క్యాబిన్‌కి 1,350, పెద్ద ఎస్‌యూవీ అద్దెకి 700, పాసులు, తిండి వగైరాకి 700, మొత్తం 4,200 తేలింది. గేర్ అమ్మే స్టోర్ వాళ్ళ కార్డుకి 12 నెలలు వడ్డీ లేదంటున్నారు, మిగతాది పాత కార్డు మీద పెడదామని మా వారు అంటున్నారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మామయ్యగారికి షుగర్, బీపీ. ఇన్సూరెన్స్ ఇద్దరికీ కలిపి చవకది 220, మంచిది 640 చెప్పారు, చవకదే తీసుకుందామా? పాప ఇప్పుడు నాలుగో తరగతి, బాబు కిండర్‌గార్టెన్.

జవాబు: ట్రిప్‌కి తప్పకుండా వెళ్ళండి. అత్తామామలు అంత దూరం నుంచి వచ్చేది మాల్స్ చూడ్డానికి కాదు. కానీ ఈ 4,200 లెక్కలో అడవి కోసం పెట్టే డబ్బు దాదాపు ఏమీ లేదు, అంతా సామాను, బస, బండి. పైగా అసలు ఖర్చు పెట్టాల్సిన చోట, అంటే ఇన్సూరెన్స్ దగ్గర, మీరు చెయ్యి ముడుస్తున్నారు. నేనైతే ఈ రెండింటినీ తారుమారు చేస్తాను.

ముందు పాసుల సంగతి. నేషనల్ పార్కు వేరు, నేషనల్ ఫారెస్ట్ వేరు. ఫారెస్ట్‌లు వ్యవసాయ శాఖ కింద ఉండే ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళవి, చాలా వాటికి గేటూ ఉండదు, ప్రవేశ రుసుమూ ఉండదు. మీ వైపు అడవుల్లో టాయిలెట్లు, పిక్నిక్ బల్లలు లాంటి సదుపాయాలున్న ట్రెయిల్‌హెడ్ల (నడక దారులు మొదలయ్యే చోట్ల) దగ్గర మాత్రం బండికి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ పెట్టాలి, అది రోజుకి 5 డాలర్లు, ఏడాదికి 30. నేషనల్ పార్కుల 80 డాలర్ల వార్షిక పాస్ ఉంటే అదీ చెల్లుతుంది. డిస్కవర్ పాస్ మాత్రం ఇక్కడ పనికిరాదు, అది రాష్ట్ర ప్రభుత్వ పార్కులది. ఈ రెండూ కలగాపులగం చేసుకుని జరిమానా కట్టేవాళ్ళు ఎంతోమంది. 62 దాటినవాళ్ళకి ఇచ్చే సీనియర్ పాస్ కూడా మామయ్యగారికి రాదు, అది పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే.

అయితే మీకు ఇందులో ఏదీ కొనే అవసరం లేదు, ఎందుకంటే మీ పాప నాలుగో తరగతి! నాలుగో తరగతి పిల్లలకి ప్రభుత్వం ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ అని ఉచిత పాస్ ఇస్తుంది, అది స్కూలు సంవత్సరంతో పాటు సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31 దాకా నడుస్తుంది, అంటే జూన్‌లో స్కూలు అయిపోయినా మీ జూలై, ఆగస్టు ప్రయాణాలకి పనికొస్తుంది, పాప బండిలో ఉంటే చాలు. ఆ ప్రోగ్రామ్ వెబ్‌సైట్‌లో పాపతో నాలుగు ముక్కలు నింపించి కాగితం మీద ప్రింటు తియ్యండి. బండి ఆపాక దాన్ని డ్యాష్‌బోర్డు మీద బయటికి కనపడేలా పెట్టండి. క్యాంపింగ్‌కి మాత్రం ఇది వర్తించదు.

మధ్యలో ఎవరైనా "ఎల్లోస్టోన్ కూడా చుట్టేద్దాం" అంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. 2026 జనవరి నుంచి ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ లాంటి 11 పెద్ద పార్కుల్లో విదేశాల నుంచి వచ్చే పెద్దవాళ్ళకి మనిషికి 100 డాలర్లు అదనపు రుసుము పెట్టారు. ఫారెస్ట్‌లకి ఆ గొడవ లేదు.

ఇక టెంట్లు. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారిని నేల మీద పడుకోబెట్టి, రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని టాయిలెట్‌కి నడిపిస్తారా? టెంట్ కొనొద్దు. పిల్లలు మరీ సరదా పడితే ఒక్క రాత్రి మీరు నలుగురే వెళ్ళండి, దానికి సియాటెల్ చుట్టుపక్కల గేర్ అద్దెకిచ్చే షాపులున్నాయి. ఏడాదికోసారి వాడి గరాజ్‌లో పడేసే వస్తువుకి 1,450 డాలర్లు అప్పు చెయ్యడం నాకు బొత్తిగా నచ్చలేదు.

మూడు రాత్రుల ట్రిప్‌ని రెండు చిన్న ట్రిప్పులు చెయ్యండి. మొదటిది ఫ్రాంక్లిన్ ఫాల్స్. ఐ-90 మీద ఎగ్జిట్ 47, మీ ఇంటి నుంచి గంట లోపే, రానూపోనూ నడక రెండు మైళ్ళ చిల్లర. చివర్లో జలపాతం దగ్గరికి దిగే ముక్క మాత్రం ఇరుకు, తడి, రాళ్ళు జారతాయి. పిల్లల్ని చెయ్యి పట్టుకుని దింపండి, అత్తయ్యగారు పైనుంచి చూసినా ఆ హోరు బాగా వినపడుతుంది. శని, ఆదివారాలు పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, "మా వారికి సెలవు దొరకదు" అనకుండా ఒక మంగళవారమో బుధవారమో పెట్టించండి. ఖర్చు గ్యాసూ (పెట్రోలు), ఇంట్లో కలుపుకెళ్ళే పులిహోరా.

రెండోది ఆర్టిస్ట్ పాయింట్, మౌంట్ బేకర్ హైవే 542 చివర. ఒకవైపు 10,781 అడుగుల బేకర్, ఇంకోవైపు 9,131 అడుగుల షుక్సాన్, కారు దిగగానే రెండూ కనపడతాయి. కాకినాడ ఎండల్లో బతికినవాళ్ళకి జూలై నెలాఖరులో పార్కింగ్ పక్కనే మంచు గుట్టలు చూపించండి, మామయ్యగారు చేత్తో పట్టుకుని చూస్తారు, దానికి టికెట్ లేదు. కొంచెం కిందకొస్తే పిక్చర్ లేక్, చుట్టూ సుమారు అర మైలు చదునైన బాట, అత్తయ్యగారు నెమ్మదిగా ఓ చుట్టు తిరిగి రావచ్చు. ఆ చివరి మైళ్ళ రోడ్డు మంచు తీసేదాకా తెరవరు, మామూలుగా జూలైలో తెరుస్తారు, అందుకే జూలై ఆఖరి వారం పెట్టుకోండి. ఆగస్టులో కార్చిచ్చుల పొగ భయం ఉంటుంది. ముందు రోజు రాత్రి బెల్లింగ్‌హామ్‌లో రెండు గదులు తీసుకుని పొద్దున్నే పైకి వెళ్ళండి, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కొచ్చే రేటే బుక్ చెయ్యండి, పది డాలర్లు ఎక్కువైనా సరే.

బండి ఎస్‌యూవీ వద్దు. ఆరుగురికి మినీవ్యాన్ హాయి, పెద్దవాళ్ళు ఎక్కడం దిగడం సులువు, రెండు రోజులకి తీసుకోండి. ఎస్‌యూవీ కదా అని అడవిలో మట్టిరోడ్డు ఎక్కించాలనిపిస్తుంది, కానీ అద్దె ఒప్పందాల్లో చాలావాటిలో తారు లేని రోడ్ల మీద నడపకూడదని రాసి ఉంటుంది. అక్కడ ఏదైనా అయితే ఇన్సూరెన్స్ కూడా చేతులెత్తేస్తుంది. ఆర్టిస్ట్ పాయింట్ దాకా తారు రోడ్డే. కౌంటర్లో అమ్మే బండి ఇన్సూరెన్స్ తీసుకునే ముందు మీ సొంత ఆటో పాలసీ అద్దె బండికి కూడా వర్తిస్తుందేమో ఒక ఫోన్ చేసి కనుక్కోండి.

నా అంచనా ఇలా వచ్చింది. గదులు 350, వ్యాన్ 260, గ్యాస్ 90, తిండి 80, అత్తామామలిద్దరికీ జారకుండా పట్టు ఉన్న బూట్లు 120. మొత్తం 900. పిల్లలకి స్కూలు బూట్లు చాలు.

ఇప్పుడు ఇన్సూరెన్స్, ఇక్కడే నాకు కంగారుగా ఉంది. 220 చెప్పింది బహుశా ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ అయి ఉంటుంది. అందులో ఎమర్జెన్సీ రూముకి ఇంత, స్కానుకి ఇంత అని ఒక చిన్న పట్టీ ఉంటుంది, ఆసుపత్రి బిల్లు ఎంతొచ్చినా వాళ్ళిచ్చేది ఆ పట్టీలో ఉన్నంతే. మిగతాది మీ నెత్తిన. కొండమీద నుంచి హెలికాప్టర్లో దించాల్సి వస్తే బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. కాంప్రిహెన్సివ్ ప్లాన్‌లో డిడక్టిబుల్ (ముందు మీరు సొంతంగా కట్టాల్సిన మొత్తం) దాటాక పాలసీ పరిమితి దాకా అసలు బిల్లులోనే వాటా కడతారు. 640ది తీసుకోండి. కానీ సంతకం పెట్టే ముందు రెండు సంగతులు చదవండి: షుగర్, బీపీ లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులు హఠాత్తుగా ముదిరితే ఎంతవరకు కడతారు, మామయ్యగారి వయసుకి ఆ పరిమితి తగ్గుతుందా. చాలా పాలసీలు మామూలు చెకప్పులకీ మందులకీ కట్టవు, కాబట్టి రెండు నెలల మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా అక్కడినుంచే తెచ్చుకోమనండి.

900, 640 కలిపి 1,540. ఇప్పుడు ఏప్రిల్, ఈ నెల నుంచి మూడు నెలలు 515 చొప్పున పక్కన పెడితే అప్పు లేకుండా అయిపోతుంది.

స్టోర్ కార్డు మాత్రం వద్దు. "12 నెలలు వడ్డీ లేదు" అన్న మాట కింద చిన్న అక్షరాల్లో సాధారణంగా ఉండేదేమిటంటే, 12వ నెలకి పది డాలర్లు మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ లెక్కగట్టి ఒకేసారి వేస్తారు. మొత్తం 4,200 మీ పాత కార్డు మీద పడి నెలకి 150 కడుతూ పోతే, తీరడానికి మూడున్నరేళ్ళు, వడ్డీయే 2,000 డాలర్లు. అత్తామామలు మళ్ళీ వచ్చి వెళ్ళినా మీరింకా ఈ ట్రిప్‌కే కడుతుంటారు.

పాత 1,900 బాకీ కూడా ఈ వారమే సేవింగ్స్ నుంచి కట్టి మూసెయ్యండి, నెలకి 38 డాలర్లు ఊరికే పోతోంది. అప్పుడు సేవింగ్స్ 13,100, అంటే రెండు నెలల ఖర్చు. ఒక్క జీతం, అదీ హెచ్1బి, ఉద్యోగం పోతే ఇక్కడ ఉండటానికి మామూలుగా 60 రోజుల గడువే, అందులో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఇల్లు సర్దుకుని టికెట్లు కొనాల్సి రావచ్చు. అందుకే ఈ 13,100ని ట్రిప్ కోసం ఒక్క డాలరు కూడా తాకొద్దు. 900లో 515 పోను మిగిలే 385 ప్రతి నెలా దీనికే చేర్చండి, జూలై తర్వాత మొత్తం 900 చేర్చండి. నాలుగు నెలల ఖర్చు, అంటే 26,000 అయ్యేదాకా ఇంకో పెద్ద ఖర్చు పెట్టుకోవద్దని మీ వారికి కూడా నా మాటగా చెప్పండి, కావాలంటే ఈ జవాబే చూపించండి.

ఇన్సూరెన్స్ పాలసీ తేదీ అత్తామామలు ఇక్కడ దిగే రోజు నుంచి కాకుండా కాకినాడలో ఇల్లు కదిలే రోజు నుంచి మొదలయ్యేలా తీసుకోండి. 542 మీద గ్లేషియర్ అనే చిన్న ఊరు దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, పాలసీ నంబరు, ఇన్సూరెన్స్ వాళ్ళ ఎమర్జెన్సీ ఫోను నంబరు, మామయ్యగారి మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి ఆయన చొక్కా జేబులో ఒకటి, మీ హ్యాండ్‌బ్యాగులో ఒకటి ఉంచండి.