కోర్టుకు వెళ్తూ బార్ పరీక్షకు చదవడం ఎలా?

"తిరుపతి కోర్టులో సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరాను. సాయంత్రం ఇంటికొచ్చాక పుస్తకం తెరవాలనిపించదు. ఏఐబీఈ (ఆలిండియా బార్ పరీక్ష) ఎలా గట్టెక్కాలి?" అని ఓ జూనియర్ లాయర్ అడిగారు.

ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఇది ర్యాంకుల పరీక్ష కాదు. 100 ప్రశ్నలు, తప్పు రాస్తే మార్కులు కోయరు. జనరల్, ఓబీసీ వాళ్లకు 45 శాతం వస్తే చాలు. తెలుగులోనూ రాయొచ్చు.

సిలబస్ లెక్క చూడండి: రాజ్యాంగం, సీపీసీ (సివిల్ కేసులు నడిపే పద్ధతి), బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి) తలా 10 మార్కులు, బీఎన్ఎస్ (నేరాలు, శిక్షల చట్టం), సాక్ష్యాధారాల చట్టం చెరో 8. ఈ ఐదింటికే 46. రెండేసి మార్కులొచ్చే సబ్జెక్టుల మీద రాత్రుళ్లు మేలుకోవడం నా దృష్టిలో దండగ.

నోట్స్ లేని బేర్ యాక్ట్‌లు (చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకాలు) హాల్లోకి తీసుకెళ్లొచ్చు కాబట్టి బట్టీ కన్నా వెతకడం నేర్చుకోవాలి. ఒక్కో ప్రశ్నకు దాదాపు రెండు నిమిషాలే. ఫోన్‌లో టైమర్ పెట్టి, "మోసానికి శిక్ష ఎక్కడుంది?" అని విషయసూచికలో వెతకండి. చేయి అలవాటుగా పాత ఐపీసీ (శిక్షాస్మృతి) సెక్షన్ 420 దగ్గరికి పోతుంది. మనం తిట్టడానికి వాడే ఆ 'ఫోర్ ట్వంటీ' 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్‌లో 318(4) అయింది! పాత మెటీరియల్ ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకండి.

ఇక మనసు రాకపోవడం అంటారా, సాయంత్రాన్ని వదిలేయండి. కోర్టులో కేసు పిలిచేదాకా ఖాళీగా కూర్చుంటాం కదా, ఆరోజు ఫైల్లో ఉన్న సెక్షన్‌ను అక్కడే తీసి చదవండి. బెయిల్ పిటిషన్ చేతిలో ఉండగా చదివిన సెక్షన్ అంత తేలిగ్గా మరిచిపోరు. పాత ప్రశ్నపత్రాలకు మాత్రం ఆదివారం పొద్దున కేటాయించండి, ఫోన్ పక్క గదిలో పెట్టి.