మాస్కులోకి నీళ్లొస్తే...

ప్రశ్న: స్కూబా కోర్సు చేసి రెండేళ్లయింది. ఏడాదికి ఒకట్రెండు సార్లే డైవ్ చేస్తాను. మాస్కులోకి నీళ్లొస్తే చాలు, పైకి పారిపోవాలనిపిస్తుంది. ఎలా సాధన చేయాలి?

జవాబు: చిక్కంతా ముక్కుతోనే. నీళ్లు తగలగానే తెలియకుండానే ముక్కుతో పీల్చేస్తారు. అందుకని నీళ్లు ఖాళీ చేయడం తర్వాత సంగతి. ముందు ఛాతీ లోతు పూల్‌లో మాస్కు తీసేసి, రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించే పరికరం) నోట్లో పెట్టుకుని, ముఖం నీళ్లలో ముంచి రెండు నిమిషాలు నోటితోనే గాలి పీల్చండి. ఇది కుదిరాకే మాస్కు పెట్టుకుని సగం, ఆ తర్వాత పూర్తిగా నింపండి. ఫ్రేము పైఅంచును వేళ్లతో నుదుటికి నొక్కి, తల కాస్త పైకెత్తుతూ ముక్కుతో నిదానంగా వదలాలి. బుస్సుమని ఒక్కసారే వదిలితే గాలి పక్కల నుంచి పోతుంది, నీళ్లు అలాగే ఉంటాయి. ఊదడం మొదలుపెట్టకముందే తలెత్తితే నీళ్లు ముక్కులోకి దిగుతాయి. అన్నట్టు, మాటిమాటికీ నీళ్లొస్తుంటే మాస్కును తిట్టుకునే ముందు అంచు కింద వెంట్రుకలు ఇరుక్కున్నాయేమో, మీసం అడ్డొస్తోందేమో చూసుకోండి.

ప్రశ్న: లోతులో గాలి అయిపోతే ఒంటరిగా పైకి రావడం నేర్పారు. నేనూ మా బడ్డీ (జంటగా దిగే డైవర్) సముద్రంలో దాన్ని మళ్లీ మళ్లీ చేసి చూడొచ్చా?

జవాబు: వద్దు. 10 మీటర్ల దగ్గర పీడనం 2 బార్లు, ఉపరితలంలో 1 బార్. అక్కడ నిండా పీల్చి ఊపిరి బిగబట్టి వస్తే ఆ గాలి రెట్టింపు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు తట్టుకోలేవు. మీటరు, మీటరున్నర లోతు నుంచి బిగబట్టి వచ్చినా ప్రమాదమే. దానికి బదులు పూల్‌లో అడ్డంగా 9 మీటర్లు ఈదండి. రెగ్యులేటర్ నోట్లోనే ఉంచి, ఒకే శ్వాసను ‘ఆ...’ అంటూ సన్నగా వదులుతూ వెళ్లాలి. దారిలోనే గాలి అయిపోయిందంటే గొంతు మరీ బాగా తెరిచారన్నమాట. నిజంగా అవసరం పడ్డప్పుడూ రెగ్యులేటర్ తీయకండి. పైకి వస్తుంటే బయటి పీడనం తగ్గి ట్యాంకు మరో శ్వాస ఇవ్వొచ్చు.

ఇద్దరూ ఎక్కువగా సాధన చేయాల్సింది గాలి పంచుకోవడం. దిగకముందే బడ్డీ ఆక్టోపస్ (ఇంకొకరికి ఇచ్చేందుకు ఉంచుకునే అదనపు రెగ్యులేటర్) ఎక్కడ తగిలించారో చూసి, దానితో నాలుగైదు సార్లు గాలి పీల్చండి. కొందరు దాన్ని జేబులో కుక్కుతారు, అవసరానికి ఊడిరాదు. తక్కువ లోతులో మోకాళ్ల మీద కూర్చుని గొంతు మీద అరచేతిని అడ్డంగా కోసినట్టు ఆడించి సైగ చేయండి. ఆక్టోపస్ అందుకుని ముందు నోటితో ఊది నీళ్లు వెళ్లగొట్టాకే పీల్చాలి. ఊదడానికి ఊపిరి లేకపోతే ఆక్టోపస్ మీద, గాలితో నీళ్లను బయటికి నెట్టే పర్జ్ బటన్ నొక్కండి, నాలుకను అడ్డం పెట్టుకుని. ఆక్టోపస్‌ను తలకిందులుగా పెట్టుకుంటే ప్రతి శ్వాసకూ నీళ్లొస్తాయి. ఇద్దరూ ముంజేతులు పట్టుకుని, రెండు మూడు శ్వాసలు నిమ్మళంగా తీసుకుని, ట్యాంకులో గాలి ఎంతుందో గేజ్‌లో చూసుకున్నాకే కదలండి. ఒకే ట్యాంకు మీద ఇద్దరు, పైగా కంగారు, గాలి మామూలుకు రెండింతలు దాటి ఖర్చవుతుంది. నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకి రండి. గాలి చాలితేనే 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగండి, చాలకపోతే ఆగకుండా వచ్చేయండి. పైకి వచ్చాక గాలి లేనివాళ్లు బీసీడీని (గాలి నింపితే తేల్చే జాకెట్) నోటితో ఊదుకోవాలి, ఎందుకంటే దాన్ని నింపే బటన్‌కు కావలసిన గాలీ ఖాళీ అయిన ఆ ట్యాంకుదే.