ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌కి ముందు బ్రేకు తీసేయొచ్చా? వద్దండీ, అస్సలు వద్దు

కొత్తగా ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ తీసుకున్నానన్నారు. అంటే చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు కూడా తిరుగుతూనే ఉండే సైకిల్; పెడళ్ళని కాళ్ళతో బిగబడితే వెనక చక్రం నెమ్మదిస్తుంది. దానికున్నది ముందు బ్రేకు ఒక్కటే. కాళ్ళతో ఆపడం వచ్చాక అదీ అక్కర్లేదని, తీసేస్తే సైకిల్ నీట్‌గా కనిపిస్తుందని స్నేహితులు చెప్పారట. నిజమేనా, అసలు ఈ సైకిల్‌ని సేఫ్‌గా ఆపడం ఎలా అని అడిగారు.

నిజం కాదు. ఆ బ్రేకు తీయకండి. నేను చాలాకాలంగా ఫిక్స్‌డ్ తొక్కుతున్నాను, ఈ సైకిలంటే నాకు ప్రాణం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నా లెక్క ఇదీ: కాళ్ళున్నది వేగాన్ని అదుపులో పెట్టడానికి, బ్రేకున్నది ఆపడానికి. ఈ రెండూ వేర్వేరు పనులు. ఏ సైకిలైనా ఆగేటప్పుడు బరువు ముందుకు తూగుతుంది. ముందు చక్రం రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది, వెనక చక్రం తేలికైపోతుంది. మీరు కాళ్ళతో ఎంత బిగబట్టినా ఆ బలం పడేది తేలికైపోయిన వెనక చక్రం మీదే. ఒక హద్దు దాటితే అది జారుతుంది తప్ప ఆగదు. పొడి రోడ్డు మీద ముందు బ్రేకుతో ఆగే దూరానికి వెనక చక్రంతో మాత్రమే ఆగాలంటే దాదాపు రెట్టింపు దూరం పడుతుంది. తొడల్లో ఎంత బలం ఉన్నా ఇది మారదు. ఎందుకంటే లోటు కాళ్ళలో లేదు, టైరు పట్టులో ఉంది.

‘మరి ట్రాక్ రేసుల సైకిళ్ళకి బ్రేకులుండవు కదా’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఉండవు, నిజమే. వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ రేసుల ట్రాక్ మీద, అందరూ ఒకే దిక్కుకి తిరుగుతారు, సిగ్నళ్ళుండవు, అడ్డం వచ్చేవాళ్ళుండరు. పైగా అక్కడ ఒకరు సడెన్‌గా బ్రేకు కొడితే వెనకున్నవాళ్ళందరూ పడిపోతారు, అందుకని బ్రేకులు లేకపోవడమే అక్కడ క్షేమం. రోడ్డు మీద సంగతి పూర్తిగా వేరు. బ్రిటన్‌లో 1983 నాటి నిబంధనల ప్రకారం ఫిక్స్‌డ్ సైకిల్‌ని రోడ్డెక్కించాలంటే ముందు చక్రానికి బ్రేకు ఉండి తీరాలి. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ఫిక్స్‌డ్ సైకిల్ రోడ్డు దాటుతున్న ఒక మహిళని గుద్దింది, ఆవిడ చనిపోయింది. నడిపిన కుర్రాడికి 2017లో కోర్టు 18 నెలల శిక్ష వేసింది. నీట్‌గా కనిపించడం గురించి మాట్లాడేవాళ్ళు ఒక్కసారి ఆ ఇంటివాళ్ళ గురించి కూడా ఆలోచించాలి.

ఇక నాకు జరిగింది చెబుతాను. వెనక చక్రం పంక్చర్ అయితే వేయించి తెచ్చుకున్నాను. చక్రం బిగించినతను ఇరుసు నట్లు సరిగ్గా బిగించలేదు. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఆ రోజు నేనూ ఒక మిత్రుడూ ఒక పెద్ద ఎత్తు ఎక్కి అవతలికి దిగుతున్నాం. ఎత్తు ఎక్కేటప్పుడు నిలబడి తొక్కాను కదా, ఆ లాగుడుకి చైను వైపున్న ఇరుసు కొంచెం ముందుకి జరిగింది. దాంతో చైను వదులైపోయింది. దిగడం మొదలయ్యాక కాళ్ళు వేగంగా తిరుగుతున్నాయి, కింద మలుపు కనిపిస్తోంది. వేగం తగ్గిద్దామని పెడల్‌ని వెనక్కి బిగబట్టాను. టక్కున ఒక చప్పుడు. అంతే, కాళ్ళ కింద బరువు మాయమైపోయింది. స్ట్రాపుల్లో బిగుసుకుని ఉన్న పాదాలు గాల్లో గిర్రున తిరిగాయి. ముందు పళ్ళచక్రం నుంచి ఊడిన చైను ఫ్రేముకి కొట్టుకుంటూ వేలాడుతోంది. అది వెనక చక్రంలో చిక్కుకుంటే చక్రం ఉన్నపళాన బిగుసుకుపోతుంది.

చేతి కింద బ్రేకు ఉంది. నడుము వెనక్కి జరిపి, రెండు చేతులూ చాపి హ్యాండిల్‌ని అదిమి పట్టి, బ్రేకుని మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కుకుంటూ పోయాను. మలుపుకి ముందే ఆగాను. నా వెనక వస్తున్న మిత్రుడి సైకిల్‌కి బ్రేకు లేదు. నేను ఆగడం చూసి అతను స్కిడ్ కొట్టాడు, అంటే కాళ్ళు బిగించి వెనక చక్రాన్ని జారించాడు. టైరు రోడ్డుని గీసుకుంటూ నన్ను దాటింది, మలుపు దాటింది, ఆ తర్వాతెక్కడో ఆగింది. అతని చైను శుభ్రంగా ఉంది, టైరు కొత్తది, స్కిడ్ కొట్టడంలో నాకన్నా ఎంతో నేర్పరి. అయినా చైను ఊడిన నేను ముందు ఆగాను, చైను ఉన్న అతను తర్వాత ఆగాడు. అతనిప్పటికీ బ్రేకు పెట్టించుకోలేదు. ఈ విషయంలో మా ఇద్దరికీ పడదు.

ఇక్కడ మెకానిక్‌ల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. మామూలు సైకిల్‌కి చైను వదులైతే తొక్కడం ఇబ్బంది అవుతుందంతే. ఫిక్స్‌డ్‌కి చైనే బ్రేకు. ఆ తేడా చాలామంది మెకానిక్‌లకి తెలియదు, చెప్పినా వినరు. కాబట్టి చక్రం ఎవరు బిగించినా మీరు మళ్ళీ చూసుకోండి. చైను మధ్యలో వేలితో పైకీ కిందకీ ఆడించి చూస్తే అర అంగుళం దాకా కదలాలి. అంతకన్నా వేలాడకూడదు. ముందు పళ్ళచక్రం ఎప్పుడూ నూటికి నూరుపాళ్ళూ గుండ్రంగా ఉండదు, అందుకని పెడల్‌ని తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. ఇరుసు నట్లకి పట్టే 15 నంబర్ స్పానర్ ఒకటి కొనుక్కుని బ్యాగులో పడేసుకోండి. వెనక కాగ్ (చైను ఎక్కే వెనక పళ్ళచక్రం) పక్కన దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్ ఉందో లేదో కూడా చూడండి. దాని మర ఎడమ మర, అంటే మామూలు మరకి తిరగబడి, ఎడమవైపుకి తిప్పితే బిగుస్తుంది. మీరు వెనక్కి బిగబట్టినప్పుడు కాగ్ విప్పుకుని ఊడిపోకుండా ఆపేది అదే. పాత రోడ్డు సైకిల్ హబ్బుకి (చక్రం మధ్యలో ఉండే భాగానికి) కాగ్ ఎక్కించి ‘ఫిక్స్‌డ్ చేసేశాం’ అని ఇచ్చేవాళ్ళున్నారు. ఆ హబ్బుకి ఎడమ మర లాక్‌రింగ్ పట్టే చోటే ఉండదు. అలాంటిదాన్ని కాళ్ళతో ఆపబోతే కాగ్ విప్పుకుని వచ్చేస్తుంది.

ఇప్పుడు కాళ్ళ పని. ముందుగా, పాదాల్ని పెడళ్ళకి పట్టి ఉంచే స్ట్రాపులో, టో క్లిప్పులో ఏదో ఒకటి ఉండాలి. వట్టి పెడళ్ళతో ఫిక్స్‌డ్ తొక్కొద్దు. వేగంలో పాదం జారిందంటే పెడల్ తిరుగుతూనే ఉంటుంది, వచ్చి పిక్కని కొడుతుంది. అలా జారితే పెడల్‌ని మళ్ళీ అందుకోవాలని చూడకండి. కాళ్ళు దూరంగా పెట్టి బ్రేకుతో ఆగండి.

వేగం తగ్గించడానికి వెనక నుంచి పైకి లేస్తున్న పెడల్‌ని పాదంతో కిందకి నొక్కాలి, అదే సమయంలో ముందు పాదాన్ని స్ట్రాప్‌తో పైకి లాగాలి. మొదట్లో రెండూ కుదరవు. సమతలంగా, ఖాళీగా ఉన్న చోట నడక వేగంలో ఇదొక్కటే సాధన చేయండి. ఒక్కసారిగా బిగబట్టొద్దు. తిరుగుతున్న కాళ్ళని కాస్త బద్ధకంగా తిప్పుతున్నట్టు మొదలుపెట్టండి, బలం తర్వాత పెంచండి. ఎట్టి పరిస్థితుల్లోనూ కాళ్ళు ఆపేసి దొర్లుదామనుకోకండి. పెడల్ మిమ్మల్ని సీటు మీంచి ఎత్తి పడేస్తుంది. మామూలు సైకిల్ అలవాటు పోవడానికి కొన్ని వారాలు పడుతుంది, అప్పటిదాకా రద్దీలోకి వెళ్ళకండి.

స్కిడ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వీడియోల్లో చూపించేదంతా అదే. క్రాంకులు (పెడళ్ళు బిగించిన కడ్డీలు) నేలకి సమాంతరంగా వచ్చినప్పుడు బరువు హ్యాండిల్ మీదకి వంచి, వెనక చక్రాన్ని తేలిక చేసి, కాళ్ళు బిగించేస్తే చక్రం ఆగి జారుతుంది. చూడటానికి బాగుంటుంది, నేర్చుకోండి, కాదనను. కానీ అందులో జరుగుతున్నదేమిటో గమనించండి: వెనక టైరు జారడానికి దాని మీద బరువు తీసేస్తున్నారు. పట్టు తగ్గించుకుని ఆగడమన్నమాట. టైరు ఖర్చు వేరే. క్రాంకు ఎప్పుడూ ఒకే స్థితిలో బిగిస్తాం కాబట్టి టైరు కొన్ని చోట్లే అరుగుతుంది. ముందు 48 పళ్ళు, వెనక 16 పళ్ళు అయితే అరిగే చోటు ఒక్కటే. వెనక 17 పెడితే పదిహేడవుతాయి. పళ్ళ లెక్క చూడకుండా సైకిల్ అమ్మేవాళ్ళ మీద నాకు చాలా కోపం.

దిగుడు దారిలో జాగ్రత్త పైనుంచే మొదలవ్వాలి. ముందు 46 పళ్ళు, వెనక 16 పళ్ళు ఉంటే గంటకి 40 కిలోమీటర్ల వేగంలో కాళ్ళు నిమిషానికి 110 సార్లు తిరుగుతాయి. ఆ వేగానికి వెళ్ళాక కాళ్ళతో బిగబట్టడం చాలా కష్టం, పెడల్‌ని అందుకోవడమే గొప్ప. అందుకే కాళ్ళింకా మీ మాట వింటున్నప్పుడే, పైనే, బ్రేకుని తేలిగ్గా నొక్కుతూ దిగండి. మలుపులో కూడా పెడల్ తిరుగుతూనే ఉంటుంది, లోపలివైపు పెడల్‌ని పైకెత్తి ఉంచడం కుదరదు. ఎక్కువ వంగితే అది నేలకి తగులుతుంది. కాబట్టి వేగం మలుపుకి ముందే తగ్గాలి. వానలో రిమ్ బ్రేకులు (చక్రం అంచుని పట్టే బ్రేకులు) మొదట కాసేపు తడిని తుడవడానికే సరిపోతాయి, ఇంకా ముందుగానే నొక్కడం మొదలుపెట్టండి.

సిగ్నల్ దగ్గర ఆగాక పెడల్ బయల్దేరడానికి వీలుగా ఉండదు, వెనక్కి తిప్పడం కుదరదు. ముందు బ్రేకు నొక్కి పట్టుకుని హ్యాండిల్‌ని కొంచెం ముందుకి తోయండి, వెనక చక్రం లేస్తుంది, అప్పుడు పాదంతో పెడల్‌ని మీకు కావలసిన చోటికి తెచ్చుకోండి. బ్రేకు తీసేస్తే ఈ సుఖం కూడా ఉండదు.

వెనక బ్రేకు కూడా పెట్టించుకుంటే ఇంకా మంచిదే. మీ హబ్బుకి రెండో పక్క ఫ్రీవీల్ (మామూలు సైకిల్‌లా పెడల్ ఆపినా చక్రం తిరగనిచ్చే పళ్ళచక్రం) ఉంటే చక్రం తిప్పి దాన్ని వాడేటప్పుడు మాత్రం వెనక బ్రేకు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే అప్పుడు కాళ్ళకి ఆపే శక్తి ఉండదు.

చివరగా, ఎవరూ చెప్పని విషయం. స్టాండు మీద పెట్టి పెడల్ తిప్పుతూ చైనుకి గుడ్డ పట్టుకుని తుడవకండి. మామూలు సైకిల్‌లో వేలు చిక్కితే పెడల్‌ని వదిలేస్తే చైను ఆగుతుంది. ఇందులో తిరుగుతున్న చక్రమే చైనుని లాక్కుపోతుంది, వేలు పళ్ళ మధ్యకి పోతుంది. చక్రం పూర్తిగా ఆగాక, చైనుని ఒక్కో ముక్కా తుడుచుకుంటూ, చెయ్యి తీసి, కొంచెం తిప్పి, మళ్ళీ తుడవండి. ప్యాంటు అంచు కూడా సాక్సులోకి దోపుకోండి.