మండల ఆఫీసు సిబ్బందికి ఆర్టీఐ ట్రైనింగ్ ఆన్‌లైన్‌లో ఎలా పెట్టాలి?

సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ)పై మండల సిబ్బందికి ఆన్‌లైన్ కోర్సు తయారుచేయమన్నారు, వీడియోలు పెడితే ప్లే చేసి పక్కన పడేస్తున్నారు, ఏం చేయాలి అని అడిగారు. నేను తెలంగాణలో ఇలాంటి కోర్సులు కొన్నేళ్లుగా తయారుచేస్తున్నాను.

2005 చట్టం నేపథ్యం, సెక్షన్ల వరుస మొదట్లో వద్దండి. ఒక దరఖాస్తు ముందు పెట్టండి. నేను ఎప్పుడూ వాడేది ఇది: ఒక రైతు పాత పహాణీ (పొలం ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే రికార్డు) నకలు కావాలని ఎంపీడీవో ఆఫీసులో ఆర్టీఐ దరఖాస్తు ఇచ్చాడు. రికార్డేమో తహసీల్దారు ఆఫీసులో ఉంటుంది. మీ ఆఫీసుకు అందినట్టు ఇన్‌వార్డ్ ముద్ర పడిపోయింది. వెనక్కిచ్చి అక్కడికి వెళ్లమంటారా, మీరే పంపిస్తారా? చాలామంది మొదటిదే నొక్కుతారు, కౌంటర్లో రోజూ చూసేది అదే కాబట్టి. అప్పుడు సెక్షన్ 6(3) చూపించండి. ఐదు రోజుల్లోపు మనమే బదిలీ చేసి, ఆ సంగతి దరఖాస్తుదారుకు తెలపాలి. జవాబు తప్పాక చదివిన సెక్షన్ మర్చిపోరు. వెంటనే బదిలీ లేఖ నమూనా ఇచ్చి విషయం, సూచిక, తేదీ వాళ్లతోనే నింపించండి. అసలు ట్రైనింగ్ ఆ లేఖే.

సమాచారం ఇవ్వడానికున్న 30 రోజుల గడువు కూడా అంతే, క్యాలెండర్ ఇచ్చి లెక్కపెట్టించాలి. అదనపు రుసుము కట్టమని లేఖ పంపితే, ఆ రోజు నుంచి అది కట్టేదాకా గడిచిన రోజులు లెక్కలోకి రావు. ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. రాయడం రాని మనిషి వచ్చి నోటితో అడిగితే రాసిపెట్టడంలో సాయం చేయాల్సింది సమాచార అధికారే, దాన్నీ ఒక ప్రశ్నగా పెట్టండి.

సమాచారం ఆలస్యం చేస్తే అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా ఉందన్నది చివర్లో చెప్తే చాలు. ముందే బెదిరిస్తే దరఖాస్తు తెచ్చిన ప్రతి మనిషినీ శత్రువులా చూస్తారు, అది నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

పాఠం ఐదారు నిమిషాలు మించకుండా, ఫోన్‌లో డౌన్‌లోడ్ అయ్యేలా ఉండాలి. డ్యూటీ టైమ్‌లోనే వారానికో గంట ఇస్తూ ఆర్డర్ తీయించండి, సోమవారం మాత్రం వద్దు, ప్రజల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. ఇంటికెళ్లి చేసుకోమంటే పిల్లలు, వంట, పైగా ఈ టెన్షన్.

ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయని పై అధికారులు అడుగుతారు. మీరు మాత్రం మూడు నెలలయ్యాక ఆర్టీఐ రిజిస్టర్ తెప్పించుకుని, బదిలీ చేయాల్సినవాటిలో ఎన్ని ఐదు రోజుల్లోపు వెళ్లాయో చూడండి.