సిగ్నల్ దగ్గర ఆగిపోయే పాత కారు

ప్రశ్న: మాది 1996 మోడల్ మారుతి 800, కార్బొరేటర్ బండి. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, ఆగిపోయేది. మెకానిక్ స్లో స్క్రూ బిగించాడు. ఇప్పుడు ఆగడం లేదు గానీ ఊరికే రేసవుతోంది, పెట్రోలు తాగేస్తోంది. కార్బొరేటర్ మార్చేయాలా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: తొందరపడి మార్చకండి. ముందు ఆ స్లో స్క్రూని వెనక్కి తిప్పించండి. దాన్ని బిగిస్తే కార్బొరేటర్లో గాలి దారిని మూసే థ్రాటిల్ రేకు కొంచెం తెరుచుకునే ఉండిపోతుంది. ఇంజిన్ ఐడ్లింగ్ (కాలు తీశాక మెల్లగా తిరగడం) దారి వదిలేసి పై దారిలోంచి పెట్రోలు లాక్కుంటుంది. జబ్బు అలాగే ఉంటుంది, పైకి కనబడదంతే.

ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగులో నిలబడితే, కార్బొరేటర్ పక్కనున్న సొలినాయిడ్ (కరెంటుతో ఐడ్లింగ్ పెట్రోలు దారి తెరిచే చిన్న వాల్వు) వైరు తీసి చూడండి. బండి వెంటనే ఆగాలి. ఆగలేదంటే పెట్రోలు వేరే దారిలో వస్తోందన్నమాట. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, తాళం ఆన్ చేసి వైరు తగిలిస్తే 'టిక్' మనాలి. అనకపోతే వైరుకి టెస్ట్ బల్బు పెట్టండి. వెలిగితే సొలినాయిడ్ పోయినట్టు, వెలగకపోతే వైరో ఫ్యూజో. మన సముద్రపు గాలికి ఆ వైరు కొన పచ్చగా చిలుము పట్టడం మామూలే, గీకి చూడండి.

'టిక్' వినబడితే స్లో జెట్ (ఐడ్లింగ్ పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. రంధ్రం గుండ్రంగా కనబడాలి. పిన్నీసుతో, తీగతో మాత్రం పొడవద్దు. రంధ్రం కాస్త పెద్దదైనా పెట్రోలు ఎక్కువ పోతూనే ఉంటుంది. కార్బ్ క్లీనర్ కొట్టి, గాలి పట్టించండి. కార్బొరేటర్లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున తెల్లటి పొడి ఉంటే నీళ్లు చేరాయని అర్థం. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమని పీల్చుకుంటుంది, వారాల తరబడి నిలబెట్టిన బండిలో అది అడుగుకి చేరుతుంది. అదే పెట్రోలుకి పాత రబ్బరు పైపులు కూడా చెడతాయి. జే30 ఆర్9 అని ముద్ర ఉన్నవి వేయించండి.

అప్పటికీ కుదరకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది. వాక్యూమ్ పైపుల్ని ఒక్కొక్కటిగా కటింగ్ ప్లేయరుతో మెల్లగా నొక్కండి. ఏది నొక్కినప్పుడు ఇంజిన్ నిలకడగా తిరిగితే లీకు ఆ దారిలోనే. కార్బొరేటర్ కింది ప్యాకింగ్ చుట్టూ సబ్బు నీళ్లు చల్లితే అక్కడ లీకుంటే చప్పుడు మారుతుంది. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టకండి, మంట అంటుకుంటుంది.

ఇవన్నీ, వీటితో పాటు ప్లగ్గులు, టాపెట్లు సరిగ్గా ఉన్నాకే సెట్టింగ్. ఇంజిన్ బాగా వేడెక్కాలి, చోక్ తీసేసి ఉండాలి, ఏసీ, లైట్లు ఆపాలి. ఇంజిన్ ఆపి మిక్చర్ స్క్రూని (ఐడ్లింగులో పెట్రోలు పాళ్లు సర్దేది) మెల్లగా అడుగు తగిలేదాకా తిప్పండి. బిగిస్తే దాని మొన పాడవుతుంది. అక్కడి నుంచి రెండు చుట్లు వెనక్కి తీసి స్టార్ట్ చేయండి. పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి, ఇంజిన్ ఎక్కడ ఎక్కువ వేగంగా, నిలకడగా తిరిగితే అక్కడ వదిలేయండి. ఆ తర్వాతే స్లో స్క్రూతో 900 ఆర్‌పీఎం దరిదాపులకి దించండి. పొల్యూషన్ సెంటర్లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) రీడింగ్ అడిగి చూడండి. మీ కాలం బండికి పరిమితి 3 శాతం.

ప్రశ్న: మా పాత పెట్రోలు అంబాసిడర్ సింహాచలం కొండ ఎక్కాక ఆపితే పది నిమిషాల దాకా స్టార్ట్ కాదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ద్వారకానగర్

జవాబు: ఇంజిన్ వేడికి కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మరిగి, ఇంజిన్లోకి గాలి వెళ్లే మానిఫోల్డులోకి కారుతోంది. చోక్ లాగకండి, యాక్సిలరేటర్ పంపు చేయకండి. చివరిదాకా ఒకేసారి తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, అంటుకున్నాక వదలండి. కార్బొరేటర్ కింద వేడి ఆపే మందపాటి ప్యాకింగ్ ఉందో లేదో, పెట్రోలు పైపు సైలెన్సర్ మానిఫోల్డుకి ఆనుకుని పోతోందేమో చూపించండి.