టెక్ సందేహాలు: ఏవీ రిసీవర్‌కి అట్టపెట్టె మీది వాట్లే కొలమానమా?

ప్రశ్న: మా హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. 55 అంగుళాల 4కె టీవీ ఉంది. 5.1 హోమ్ థియేటర్ (ఐదు స్పీకర్లు, బాస్‌కి ఒక సబ్‌వూఫర్) పెట్టుకోవాలని ఎప్పటి నుంచో ఆశ. టీవీ శబ్దాన్ని తీసుకుని స్పీకర్లను మోగించే ఏవీ రిసీవర్ కోసం షాపుకెళితే, ఒకటి ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, 150 వాట్లన్నారు. ఇంకోటి 80 వాట్లే, ధర మాత్రం ఎక్కువ. ఏది మంచిది? డల్లాస్‌లో ఉండే మా బావమరిది వచ్చే నెల వస్తున్నాడు. అక్కడ చవకట, తెమ్మనమంటారా? - ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: బావమరిదిని తెమ్మనకండి. అమెరికాలో అమ్మే రిసీవర్లు సాధారణంగా 120 వోల్టులకు చేసినవి. మన ఇళ్లకు వచ్చేది 230. పిన్ను మార్చే అడాప్టర్‌తో ప్లగ్గు సరిపోతుంది గానీ వోల్టేజీ తగ్గదు, రిసీవర్ కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, కానీ అదో అదనపు ఖర్చు, బరువు. అక్కడి వారంటీ ఇక్కడ మామూలుగా చెల్లదు కూడా.

ఇక వాట్ల సంగతి. రెండు మోడళ్ల స్పెసిఫికేషన్లు తీసి, అంకె పక్కనున్న చిన్న అక్షరాలు చదవండి. 150 పక్కన ‘6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం టీహెచ్‌డీ, 1 ఛానెల్’ అని ఉంటే, ఒక్క స్పీకర్‌కి ఒకే శ్రుతి ఇచ్చి, శబ్దం బొంగురుపోయేదాకా లాగి రాబట్టిన అంకె అది. (ఓమ్స్ అంటే స్పీకర్ కరెంటుకి ఇచ్చే నిరోధం, టీహెచ్‌డీ అంటే శబ్దం ఎంత శాతం చెడిందో చెప్పే లెక్క.) 80 పక్కన ‘8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం, 2 ఛానెల్స్’ అని ఉంటే, రెండు స్పీకర్లకు, చెవికి వినిపించే అన్ని శ్రుతుల్లోనూ శుభ్రంగా ఇవ్వగలిగే శక్తి అన్నమాట. అదే నిజాయితీ గల లెక్క. నేనైతే రెండోదే కొంటాను.

వాట్లు రెట్టింపయినా పెరిగే శబ్దం 3 డెసిబెల్సే. 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ (అదే కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్క) ఉన్న స్పీకర్ల బదులు 89 ఉన్నవి తీసుకుంటే అదే లాభం ఊరికే వస్తుంది. అందుకే ముందు స్పీకర్లు ఎంచుకుని, తర్వాత రిసీవర్ చూడండి. మీ హాలుకి 7 ఛానెళ్లది చాలు. ఇప్పుడు ఐదు వాడుకుని, ముందు ముందు సీలింగ్‌కి రెండు బిగిస్తే 5.1.2 అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) అవుతుంది.

టీవీ వెనక ఒక హెచ్‌డీఎంఐ పోర్టు పక్కన ఆర్క్ అనో ఈఆర్క్ అనో రాసి ఉంటుంది, చూడండి. టీవీ శబ్దం రిసీవర్‌కి వెళ్లే దారి అదే. ఓటీటీ యాప్‌ల అట్మాస్‌కి మామూలు ఆర్క్ కూడా సరిపోతుంది, టీవీ దాన్ని పంపగలిగితే. బ్లూరే ప్లేయర్ ఉంటే నేరుగా రిసీవర్‌కే కలపండి.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది రిసీవర్ పెట్టెలో వచ్చే చిన్న మైకు. చాలా ఇళ్లలో అది కవరు విప్పకుండానే ఉండిపోతుంది. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఈ మైకుతో గదికి తగ్గట్టు శబ్దాన్ని సరిచేసే, డెనాన్‌లో ఆడిసీ, యమహాలో వైపావో లాంటి సదుపాయం ఉన్న మోడలే తీసుకోండి. సోఫాలో మీరు కూర్చునే చోట, చెవి ఎత్తులో, ట్రైపాడ్ మీద మైకు పెట్టండి. దిండు మీద వద్దు. ఫ్యాను, ఏసీ ఆపి, పిల్లల్ని కాసేపు పక్క గదికి పంపండి. ఒక్కో స్పీకర్ నుంచి టెస్ట్ శబ్దం వస్తుంది. దాన్ని విని దూరం, శబ్దస్థాయి రిసీవరే సరిచేసుకుంటుంది. ‘మాటలు వినపడవు, ఫైటు రాగానే ఇల్లదిరిపోతుంది’ అన్న బాధ చాలావరకు ఇక్కడే తీరుతుంది. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది సెంటర్ స్పీకర్ నుంచే. ఇంకా చాలకపోతే దాని లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి.

ప్రశ్న: వాల్యూమ్ పెంచి అరగంట చూస్తే రిసీవర్ దానంతటదే ఆగిపోతోంది. పాడైపోయిందా? - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తనను తాను కాపాడుకోవడానికి ఆగుతుండొచ్చు. టీవీ యూనిట్‌లో తలుపులు మూసి పెట్టారా? బయటికి తీయండి, పైన కనీసం జానెడు ఖాళీ వదలండి, సెట్‌టాప్ బాక్సును దాని మీద పెట్టొద్దు. తర్వాత ప్లగ్గు తీసి, వెనక స్పీకర్ వైర్లు చూడండి. ఎర్ర టెర్మినల్ నుంచి ఒక్క రాగి పోగు నల్లదాన్ని తాకినా ఆగిపోతుంది. పోగుల్ని గట్టిగా మెలిపెట్టి మళ్లీ బిగించండి. అయినా ఆగుతుంటే సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. మూత మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిల్వ ఉంటుంది.